పెరటి కూరకు ముందే లెక్క – ఏ నెలలో ఏ విత్తనం వేయాలి?



ఇంటికి పంపే రోజున మీరు మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏం పెట్టమంటారు సిస్టరమ్మా?" మేము కూడా అలవాటుగా, "ఆకుకూరలు, కూరగాయలు బాగా పెట్టండి" అని చెప్పి చీటీ చేతికిస్తాము. ఒక జూలై నెలలో కాన్పుల వార్డులో ఒక అత్తగారు ఆ చీటీ పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. కోడలికి ఏడో నెల. రక్తం 8 గ్రాములే ఉంది. "పెట్టమంతారు గానమ్మా, వానల్లో కూరలు కొనగలమా? పెరడుంది. ఇప్పుడు ఇత్తనాలు జల్లితే ఎన్నాళ్లకి కూరొస్తాది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. మాత్ర ఎన్ని పూటలు వేయాలో తెలుసు గాని, తోటకూర ఎన్ని రోజులకు కోతకు వస్తుందో అప్పుడు నాకు తెలియదు. ఆ ప్రశ్న తరువాతే మా ఇంటి పెరట్లోనూ, పెద్దలను అడిగీ ఈ లెక్క నేర్చుకున్నాను. ఆ పాఠమే ఇది.

ఈ పాఠంలో నేర్చుకునేవి
1. కోత రోజు నుండి వెనక్కి లెక్కించి విత్తే రోజు తెలుసుకోవడం.
2. అరసవల్లి, శ్రీకాకుళం ప్రాంతంలో ఏ కాలానికి ఏ విత్తనమో తెలుసుకోవడం.
3. తుఫాను నెలలో విత్తనం నష్టపోకుండా చూసుకోవడం.
4. మీ రోగి జబ్బును బట్టి కూర ఎంచుకోవడం.

ఎంత కూర కావాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు అవసరం. అంటే నలుగురున్న ఇంటికి దాదాపు కిలోన్నర. చిన్న పెరడు అంతా ఇవ్వలేదు. కాని వారానికి రెండు మూడు పూటల ఆకుకూర, నాలుగు పాదుల కాయలు వచ్చినా కొనే భారం తగ్గుతుంది. రోగి కంచంలోకి కూర క్రమం తప్పకుండా వస్తుంది.

పెరటి కూరల్లో జరిగే పొరపాటు ఏమిటంటే, ఉన్న విత్తనాలన్నీ ఒకే రోజు చల్లేయడం. నెల తరువాత ఒక్కసారిగా ఇల్లంతా తోటకూర. తినలేక ఇరుగుపొరుగుకు పంచుతాము. తరువాతి నెల పెరడు ఖాళీ. శరీరానికి ఒక వారం విందు, మూడు వారాల పస్తు పనికిరావు. ప్రతి వారం కొంచెం కావాలి.

వెనక్కి లెక్కించండి

విత్తిన తరువాత మొదటి కోతకు సుమారుగా పట్టే రోజులు ఇవి. నేలను, ఎండను బట్టి కొద్దిగా మారుతాయి.

- మెంతికూర: 20 నుండి 25 రోజులు
- తోటకూర: 25 నుండి 30 రోజులు
- పాలకూర: 30 నుండి 35 రోజులు
- కొత్తిమీర, గోంగూర: 40 రోజులు
- ముల్లంగి: 40 నుండి 45 రోజులు
- బెండ: 45 నుండి 50 రోజులు
- బీర, ఆనప, పొట్ల, కాకర: 55 నుండి 65 రోజులు
- టమాటా: నారు 25 నుండి 30 రోజులు, నాటాక మరో 60 నుండి 70 రోజులు
- వంగ: నారు 30 నుండి 35 రోజులు, నాటాక మరో 60 రోజులు
- మిరప: నారు 40 రోజులు, నాటాక పచ్చిమిరపకు మరో 60 రోజుల పైన

ఆ అత్తగారి లెక్క ఇప్పుడు చూద్దాం. జూలై 20న ఇంటికి వెళ్ళారు. కాన్పు అక్టోబరు రెండో వారంలో. పెరట్లో ఒక్కొక్కటి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న నాలుగు మళ్ళు కట్టాలి. జూలై 21న మొదటి మడిలో, 28న రెండో మడిలో, ఆగస్టు 4న మూడో మడిలో, 11న నాలుగో మడిలో తోటకూర చల్లాలి. ఆగస్టు 18కి మొదటి మడి కోతకు వస్తుంది. కోసిన రోజునే కొంచెం ఎరువు కలిపి అదే మడిలో మళ్ళీ చల్లాలి. తరువాతి వారం రెండో మడి. ఇలా తిప్పుకుంటే కాన్పు దాకా ప్రతి వారం ఒక మడి కూర ఉంటుంది. అదే జూలై 21న కంచె ప్రక్కన రెండు ఆనప పాదులు పెడితే, సెప్టెంబరు 20 నాటికి మొదటి కాయ దొరుకుతుంది.

వారానికి ఒక మడి, నెలకు నాలుగు మళ్ళు. ఈ ఒక్క మాట గుర్తున్నా ఈ పాఠం సగం వచ్చినట్టే.

మన ఊరి ఎండ, మన ఊరి కాలాలు

అరసవల్లిలో ఉన్నవారికి సూర్యుని నడక గురించి వేరే చెప్పనక్కరలేదు. మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయపు కిరణాలు సూర్యనారాయణస్వామి ఆలయంలో మూలవిరాట్టు పాదాలను తాకుతాయని ఊరందరికీ తెలుసు. ఈ రెండు సమయాల్లో సూర్యుడు ఇంచుమించు ఒకే దిక్కున ఉదయిస్తాడు. అక్టోబరు తరువాత దక్షిణానికి జరుగుతాడు, పగలు తగ్గుతుంది. మార్చి తరువాత ఉత్తరానికి వస్తాడు, పగలు పెరుగుతుంది. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలకు పైగా, డిసెంబరులో 11 గంటలే ఉంటుంది.

మొక్క ఈ తేడాను మనకంటే బాగా పట్టుకుంటుంది. పందిరి చిక్కుడు చూడండి. పాత నాటు రకాలను జూన్‌లో పెట్టినా, ఆగస్టులో పెట్టినా, పగలు తగ్గిన తరువాతే పూత పడతాయి. "తీగ ఇంత పెరిగింది, పువ్వు రాలేదు" అని సెప్టెంబరులో పీకేయకండి. సంక్రాంతికి అదే తీగ బుట్టనిండా కాస్తుంది.

చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. అందువల్ల పందిరి పెరటికి ఉత్తరం వైపున వేయండి. దక్షిణాన వేస్తే దాని నీడ ఆకుకూర మళ్ళ మీద పడుతుంది. కాయకూరలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలకు మూడు నాలుగు గంటలున్నా చాలును.

*వానకాలం – జూన్ నుండి సెప్టెంబరు వరకు*

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే నెలాఖరున వచ్చే ఆ ఎండలో విత్తనం వేయవద్దు. అది నేల తవ్వి ఎండబెట్టే సమయం. తిరగేసిన మట్టిలో పురుగులు, కలుపు విత్తనాలు ఎండకు చాలావరకు చస్తాయి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. అయినా కార్తె పేరు చూసి తొందరపడకండి. మట్టి జానెడు లోతు తడిసిన తరువాతే విత్తండి. పైపైన తడిసిన నేలలో విత్తనం మొలిచి, నాలుగు రోజుల ఎండకు మాడిపోతుంది.

జూన్, జూలైలలో బెండ, బీర, ఆనప, పొట్ల, కాకర, గుమ్మడి, దోస, గోరుచిక్కుడు, గోంగూర వేయండి. వంగ, టమాటా నారు పోయండి. జూలై, ఆగస్టులలో పందిరి చిక్కుడు, మిరప నారు. బచ్చలి తీగ ముక్క, ములగ కొమ్మ నాటడానికి కూడా ఇదే అదను. వానకాలపు మళ్ళను జానెడు ఎత్తుగా కట్టాలి. నీరు నిలిస్తే తోటకూర రెండు రోజుల్లో కుళ్ళిపోతుంది.

*చలికాలం – అక్టోబరు నుండి జనవరి వరకు*

పెరటికి ఇది మేలైన కాలం. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర, ముల్లంగి, క్యారెట్ నేరుగా చల్లవచ్చును. క్యాబేజీ, కాలిఫ్లవర్, టమాటా, వంగ నారు నాటవచ్చును. టమాటా పూత పెద్ద ఎండలకు రాలిపోతుంది. అందుకే వేసవిలో కంటే చలికాలంలో కాపు బాగుంటుంది. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లితే బాగా మొలుస్తాయి.

*వేసవి పంట – సంక్రాంతి నుండి రథసప్తమి వరకు*

రథసప్తమికి ఊరంతా జనం వచ్చేనాటికి వేసవి కూరల విత్తనాలు నేలలో ఉండాలి. బెండ, బీర, ఆనప, దోస, కాకర, గోరుచిక్కుడు ఈ అదనులో వేస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో కాయలు తినవచ్చును. మార్చి దాటి వేస్తే మొలకలు ఎండకు నిలదొక్కుకోవు. వేసవిలో తోటకూర, బచ్చలి మాత్రం సాయంకాలపు నీటితో, కొద్దిపాటి నీడలో సాగుతాయి.

అక్టోబరు రెండో వారం – జాగ్రత్త

ఈ భాగం మన జిల్లావారు తప్పక చదవాలి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నంలో. తిత్లీ 2018 అక్టోబరు 11న మన పలాస దగ్గర. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన. తేదీలు చూశారా? చలికాలపు విత్తనాలు చల్లే రోజులూ, తుఫాను వచ్చే రోజులూ ఇంచుమించు ఒక్కటే.

2018లో నేను కూడా తప్పు చేశాను. దసరా ముందు పాలకూర, కొత్తిమీర, ముల్లంగి పొట్లాలన్నీ ఒకే సాయంకాలం చల్లేశాను. తిత్లీ వానకు మడులు మడులుగా కొట్టుకుపోయాయి. ఆ తరువాత రోజులు చాలామందికి కూరలు కొనడమే కష్టమైంది. నా దగ్గర మళ్ళీ చల్లడానికి గుప్పెడు విత్తనం కూడా మిగలలేదు. అప్పటి నుండి ఈ మూడు నియమాలు పాటిస్తున్నాను.

1. విత్తనాన్ని రెండు వాటాలు చేయండి. ఒక వాటా సెప్టెంబరు నెలాఖరున హస్త కార్తె మొదట్లో, రెండో వాటా అక్టోబరు నెలాఖరున స్వాతి కార్తెలో చల్లండి.
2. నారును నేలలో కాక, అడుగున చిల్లులున్న పాత బేసిన్లలో పోయండి. సంక్రాంతికి ఇంటి వంకాయ కావాలనుకుంటే, నారుకు 35 రోజులు, కాపుకు 60 రోజులు కలిపి 95 రోజులు వెనక్కి లెక్కించండి. అక్టోబరు 11 వస్తుంది. సరిగ్గా తుఫాను రోజు! అందుకే సెప్టెంబరు నెలాఖరునే బేసినులో పోసి, హెచ్చరిక రాగానే వరండాలోకి చేర్చుకోండి.
3. ఒక చిన్న సీసాలో తోటకూర, మెంతి, ముల్లంగి విత్తనాలు వేరుగా దాచండి. ఇది తుఫాను సీసా. నీరు తీసిన మర్నాడే చల్లితే నెల తిరగకుండా ఇంట్లో ఆకుకూర ఉంటుంది.

విత్తనం, నేల

పాత విత్తనాన్ని నమ్మే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఏడు మొలిస్తే మంచిది. నాలుగే మొలిస్తే రెట్టింపు చల్లండి. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలును. తోటకూర వంటి సన్న గింజలను ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి చిలకరించండి. కాకర గింజలను రాత్రంతా నానబెట్టండి.

బాగా మాగిన పశువుల గత్తం వాడండి. వంగ, టమాటా, మిరప ఒకే జాతివి. ఒక మడిలో ఒకదాని తరువాత ఒకటి వేస్తే తెగుళ్ళు పెరుగుతాయి. మధ్యలో ఆకుకూరో చిక్కుడో వేయండి. పెరడు లేనివారు సిమెంటు సంచుల్లో, అడుగున చిల్లులు పెట్టిన బకెట్లలో పెంచుకోవచ్చును. పురుగుమందు డబ్బాలను మాత్రం ఎంత కడిగినా వాడకూడదు. నేల, రకాల గురించి సందేహాలుంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, మండల ఉద్యాన శాఖ సిబ్బందిని గాని అడగండి.

మీ రోగిని బట్టి కూర

*రక్తం తక్కువైన వారు, గర్భిణులు:* తోటకూర, ములగాకు, పాలకూర మంచివే. కాని ఆకుకూరలోని ఇనుము శరీరానికి కొద్దిగానే పడుతుంది. దానికి నిమ్మరసం తోడైతే ఎక్కువ పడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ వద్దు. ఐరన్ మాత్రనూ కాల్షియం మాత్రనూ ఒకేసారి వేయకూడదు. గర్భిణికి రక్తం 11 గ్రాములు ఉండాలి. 7 కంటే తగ్గితే కూరలతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. నాలుగో నెల నుండి కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఐరన్ మాత్రలు తప్పనిసరి. ఆ కోడలు కాన్పుకు వచ్చేనాటికి రక్తం 10 దాటింది. అది మాత్రలు మానకుండా వేసుకున్నందువల్ల. అత్తగారి తోటకూర ఆ మాత్రలకు తోడు నిలిచింది. తోడును తోడుగానే చూడాలి, మందుగా కాదు.

*కిడ్నీ జబ్బు ఉన్నవారు:* ఉద్దానం వైపు నుండి వచ్చే కుటుంబాలు దీన్ని జాగ్రత్తగా చదవాలి. కిడ్నీ దెబ్బతిన్న వారిలో కొందరికి పొటాషియం బయటకు పోదు. అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆకుకూరలు, ములగాకు, టమాటా, కంద, చేమదుంపల్లో పొటాషియం ఎక్కువ. ఆనప, బీర వంటి వాటిలో సాధారణంగా తక్కువ. ముక్కలు తరిగి ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు వంచేస్తే కొంత తగ్గుతుంది. ఏది ఎంత తినాలో రక్తపరీక్ష చూసి డాక్టరుగారు చెప్పాలి. ప్రేమతో పెట్టిన ఆకుకూర కూడా ఈ రోగికి హాని చేయవచ్చును. ముందు అడగండి, తరువాత విత్తండి.

*రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్రలు వాడేవారు:* ఆకుకూర మానవద్దు, అకస్మాత్తుగా పెంచవద్దు. పెరడు కోతకు వచ్చిందని రోజూ పెట్టడం మొదలుపెడితే మందు పని తగ్గుతుంది. వారం వారం ఒకే మోతాదులో తినాలి.

*షుగరు ఉన్నవారు:* బెండ, బీర, కాకర, చిక్కుడు, ఆకుకూరలు కంచంలో సగం ఉండవచ్చును. కాకర తింటున్నామని మాత్రలు ఆపకూడదు.

పెరట్లో పనిచేసేటప్పుడు

- చెప్పులు వేసుకోండి. కొంకి పురుగు పిల్లలు తడిమట్టి నుండి వట్టి పాదాల గుండా ఒంట్లోకి చేరి రక్తం పీలుస్తాయి. రక్తం కోసం కూర పండిస్తూ, ఆ పెరట్లోనే రక్తం పోగొట్టుకోకూడదు.
- పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆకుకూరను మూడు నీళ్ళలో కడగండి.
- రంగు పూసిన విత్తనాలకు మందు పట్టించి ఉంటారు. పిల్లలకు అందనీయకండి. మిగిలినవి వండకండి.
- వరి పొలానికి తెచ్చిన మందు పెరట్లో కొట్టవద్దు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లండి.
- నీటి డ్రమ్ములు మూసి ఉంచండి. వారానికొకసారి ఖాళీచేసి తోమండి. లేకపోతే డెంగీ దోమలు పెరుగుతాయి.
- గునపం, కొడవలి తెగితే కడిగి, ధనుర్వాతం టీకా కోసం ఆసుపత్రికి రండి.
- వానకాలంలో చీకటిపడ్డాక పందిరి క్రిందకు టార్చిలైటు లేకుండా వెళ్ళవద్దు. పాములుంటాయి.

మీకు మీరే సరిచూసుకోండి

1. నవంబరు 1న తోటకూర కోయాలంటే ఎప్పుడు చల్లాలి? (అక్టోబరు 4 ప్రాంతంలో.)
2. సెప్టెంబరులో చిక్కుడు తీగకు పూత లేదు. పీకేయాలా? (వద్దు. పగలు తగ్గే దాకా ఆగాలి.)
3. అక్టోబరు మొదట్లో ఉన్న విత్తనమంతా చల్లవచ్చునా? (వద్దు. సగం దాచుకోవాలి.)
4. కిడ్నీ రోగికి ములగాకు మంచిదని ప్రక్కింటివారు చెప్పారు. ఏం చేయాలి? (డాక్టరుగారిని అడగాలి.)

ఈ రోజు చేయవలసిన పని

ఆసుపత్రి వరండాలో కూర్చొనే గంటలు చాలా పొడవైనవని మాకు తెలుసు. ఒక కాగితం తీసుకొని మీ పెరడు గీయండి. తూర్పు ఎటో, నీడ ఎటు పడుతుందో గుర్తుపెట్టండి. నాలుగు మళ్ళు గీసి, ఒక్కొక్క మడిలో ఒక్కొక్క వారం తేదీ వ్రాయండి. మీ రోగికి పడని కూర ఏదైనా ఉంటే దాన్ని కొట్టేయండి. ఇంటికి వెళ్ళే రోజున మందుల చీటీతో పాటు ఆ కాగితం కూడా నర్సుకు చూపించండి. మేము చదివి, సరిచేసి ఇస్తాము.

ఆ అత్తగారు మనవరాలిని ఎత్తుకొని టీకాకు వచ్చినప్పుడు, సంచిలో నుండి నాలుగు చిక్కుడుకాయలు తీసి నా బల్ల మీద పెట్టింది. "లెక్క తప్పలేదు సిస్టరమ్మా" అంది. మీ లెక్క కూడా తప్పకూడదని ఈ పాఠం వ్రాశాను.